వానాకాలంలో కూయని పుంజు

ఆఫీసులో ఎవరైనా కొత్తగా పరిచయమై "మీదే ఊరు?" అంటే "హరిశ్చంద్రపురం" అంటాను. ఆ తర్వాత ఏమంటారో నాకు ముందే తెలుసు. "అయితే మీరు అబద్ధాలాడరన్నమాట!" ఇంజనీరింగు మొదటి ఏడాది నుంచి వింటున్నాను ఈ జోకు. పలాస అంటే జీడిపప్పు, ఉద్దానం అంటే కొబ్బరితోటలూ కిడ్నీ జబ్బూ గుర్తొస్తాయి జనానికి. మా ఊరికి హరిశ్చంద్రుడు తప్ప ఇంకేమీ లేదు. 2009 ఎన్నికలకు ముందు వరకూ మా పేరుతో ఒక శాసనసభ నియోజకవర్గమైనా ఉండేది. పునర్విభజనలో అదీ పోయింది. ఇప్పుడు ప్యాసింజరు బండి ఆగే స్టేషన్లో బోర్డు మీద ఉంది ఆ పేరు.

సరే, ఈ టపా ఊరి గురించి కాదు. కోడి గురించి. పొద్దున్నుంచి రాత్రి దాకా కోడ్ రాసుకునే మనం ఒక్కసారి కోడి గురించి మాట్లాడుకుంటే తప్పు లేదు :) అది కూడా మామూలు కోడి కాదు. అడవికోడి.

మా తాత చింతపండూ కొండచీపుర్లూ వ్యాపారం చేసేవాడు. వారానికోసారి మందస వైపు కొండల కింద సంతకెళ్ళి, సవరలు దించిన సరుకు కొనుక్కొచ్చేవాడు. ఆయన చెప్పే కబుర్లలో సగం అక్కడివే. అందులో ఒకటి అడవిపుంజు గురించి.

"ఓరి గుంటా, ఆనాకాలమొస్తే అడివిపుంజుకి మెడీకలు రాలిపోతాయిరా. తోక ఊడిపోద్ది. అప్పుడది సిగ్గుతో కుయ్యదు, పొదలోంచి బయటికి రాదు. మళ్ళీ ఈకలొచ్చీదాకా దొంగలాగ తిరుగుద్ది. మన ఊరి పుంజుకేటి, దానికి సిగ్గా సెరమా, ఏడాదంతా కూస్తాది."

చిన్నప్పుడు ఇది కథ అనుకున్నాను. నక్క ద్రాక్షపళ్ళ లాంటి కథ. పదేళ్ళ కిందట పోయాడు తాత. ఆయన చెప్పింది కథ కాదని, ఈ పక్షి అసలుదా కాదా తేల్చడానికి శాస్త్రజ్ఞులు పట్టుకున్న ముఖ్యమైన ఆనవాలు అదేననీ నాకు ఈ మధ్యే తెలిసింది. అందుకే ఈ టపా.

ముందు పక్షిని చూద్దాం. ఎర్ర అడవికోడి అంటే చూడ్డానికి మన నాటుకోడే, కాకపోతే ఎవరో దాన్ని సన్నగా చెక్కినట్టుంటుంది. పుంజుకి మెడ మీద బంగారు రంగు, నారింజ రంగు కలిసిన పొడవాటి ఈకలు. వీపు ముదురు ఎరుపు. తోకా రెక్కల అడుగూ నలుపు, ఎండ పడితే ఆకుపచ్చగా మెరుస్తాయి. తోక మొదట్లో తెల్లటి మచ్చ, అది ఎగిరిపోతున్నప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. మన దేశంలో ఉండే రకానికి చెవి దగ్గర తెల్లటి తమ్మె ఉంటుంది. కాళ్ళు పసుపు కాదు, పలక రంగు. పెట్ట మట్టి గోధుమ రంగు, ఎండుటాకుల్లో కూర్చుంటే పక్కనుంచి నడిచిపోయినా కనబడదు. దానికి తురాయి దాదాపు ఉండదు. పుంజు బరువు కిలోకి అటూ ఇటూ. నలభై రోజుల్లో రెండు కిలోలు తూగే బ్రాయిలర్‌ని కొనే మనకి అది కోడిపిల్లలాగే అనిపిస్తుంది.

కూత విన్నారంటే ఇంకా తమాషా. మన పుంజు కూత చివర్లో సాగదీస్తుంది కదా, "కొక్కొరోకో...ఓ" అని. అడవిపుంజు ఆ చివరి ముక్కని తటాలున కోసేస్తుంది. ఎవరో నోరు మూసేసినట్టు.

దీని రోజు చాలా క్రమం తప్పని రోజు. రాత్రి చెట్టు కొమ్మల మీద నిద్ర. తెల్లవారుజామున దిగి అడవి అంచుల్లో, బాటల పక్కన మేత. ఎండెక్కితే పొదల్లోకి. సాయంత్రం మళ్ళీ బయటికి. గింజలు, రాలిన పళ్ళు, చెదలు, పురుగులు, ఏది దొరికితే అది కాళ్ళతో కెలికి తింటుంది. వెదురు పూసి వెదురుబియ్యం రాలిన ఏడు దానికి పండగే. ఒక పుంజు, దాని వెంట కొన్ని పెట్టలు, ఇదీ సంసారం. మేత దొరికితే పుంజు తాను తినకుండా ముక్కుతో ఎత్తి పడేస్తూ పెట్టల్ని పిలుస్తుంది. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక అరుపు, నేల మీద నక్కో కుక్కో వస్తే ఇంకో అరుపు. ఇవన్నీ మన పెరటి కోడి కూడా చేస్తుంది, మనమే గమనించం. ఒక్క గుడ్ల దగ్గర మాత్రం పోలిక కుదరదు. అడవిపెట్ట ఎండాకాలం ముందు నేల మీద చిన్న గుంటలో అయిదారు గుడ్లు పెడుతుంది. ఫారం కోడి ఏడాదికి మూడొందలు పెడుతోంది.

ఇంతకీ ఇది మా వైపు ఎందుకుంది? చాలామంది తెలుగువాళ్ళకి తెలియని విషయం ఒకటుంది. మన రాష్ట్రాల్లో అడవికోళ్ళు ఒకటి కాదు, రెండు జాతులు. నల్లమలలోనూ దాని దక్షిణాన కొండల్లోనూ ఉండేది బూడిద రంగు అడవికోడి. దాని మెడ ఈకల మీద లక్క చుక్కలు పెట్టినట్టు మెరిసే పసుపు మచ్చలుంటాయి. ఆ ఈకల కోసం ఇంగ్లండులో సాల్మన్ చేపల గాలాలు కట్టేవాళ్ళు ఒకప్పుడు దీన్ని లెక్కలేనన్ని చంపించారు. ఎర్ర అడవికోడి గోదావరికి ఉత్తరాన, అంటే మన్యం, పాడేరు, సీతంపేట, మహేంద్రగిరి కొండల్లోనూ, అక్కణ్ణుంచి ఒడిశా, జార్ఖండ్ మీదుగా హిమాలయాల పాదాల వరకూ. తెలుగులో రెంటినీ అడవికోడి అనే అంటాం. రెండింటి మధ్య సరిహద్దు మాత్రం, అక్కడక్కడ కలిసినా, స్థూలంగా గోదావరే.

ఈ సరిహద్దుని మొదట్లో రాసిపెట్టినవాళ్ళలో ఒకాయన తన ఉద్యోగం మొదలెట్టింది మా వైపే. థామస్ కావర్‌హిల్ జెర్డాన్, ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు వైద్యశాఖలో డాక్టరు. 1836లో మద్రాసులో దిగాడు. అప్పుడు ఘుమ్‌సరులో కంపెనీ సైన్యం యుద్ధం చేస్తోంది. జ్వరాలతో, విరోచనాలతో సిపాయిలు పడిపోతుంటే ఈయన్ని గంజాం పంపించారు. మన పలాస, టెక్కలి, సోంపేట అన్నీ అప్పుడు గంజాం జిల్లాలోవే. 1936లో ఒరిస్సా వేరుపడ్డప్పుడు మనం విశాఖపట్నం జిల్లాలోకొచ్చాం, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాం. అలా ఆ డాక్టరుగారు తూర్పు కనుమల్లో పిట్టల్ని చూడడం మొదలెట్టి, తర్వాత నెల్లూరులో పనిచేసినప్పుడు యానాదుల దగ్గర బోలెడు నేర్చుకుని, 1862-64 మధ్య భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. చాలా పక్షులకి హిందీ, తమిళం, తెలుగు పేర్లు వెతికి రాశాడు. ఎర్ర అడవికోడి ఉత్తర సర్కారుల మీదుగా గోదావరి ఉత్తరపు ఒడ్డు దగ్గరి దాకా ఉందని అందులో రాశాడు.

గోదావరి దగ్గరే ఎందుకు ఆగింది? కోడి నదిని దాటలేకా? కాదు. దీనికి పాత ప్రకృతి శాస్త్రజ్ఞులు చెప్పిన కారణం చెట్టు. ఎర్ర అడవికోడి మన దేశంలో ఎక్కువగా సాల చెట్టు, అంటే మన గుగ్గిలం చెట్టు ఉన్నచోట ఉంటుంది. బూడిద రంగుది ఎక్కువగా టేకు అడవుల వైపు. మధ్యప్రదేశ్‌లో పచ్‌మఢీ దగ్గర దేన్వా లోయలో చుట్టూ టేకు ఉండగా మధ్యలో ద్వీపంలా కొంచెం గుగ్గిలం అడవి ఉంది. 1871లో ఫార్‌సైత్ అనే సైనికాధికారి రాసిన పుస్తకంలో, ఆ కాస్త అడవిలో ఎర్ర అడవికోడి కూడా ఉందని ఆశ్చర్యంగా రాశాడు. తూర్పు తీరంలో గుగ్గిలం దక్షిణంగా దిగుతూ దిగుతూ ఉత్తరాంధ్ర కొండల్లోనే ఆగిపోతుంది. మా కొండలు దానికి దాదాపు చివరి మెట్టు. రైల్వే పట్టాల కింద వేసే చెక్క దిమ్మలకి దేశమంతా కోరుకున్న కలప కూడా గుగ్గిలమే. పట్టాలేసిన కాలంలో ఆ చెట్టు ఎంత పోయిందో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు అసలు కథ. ప్రపంచంలో మనిషి పెంచే కోళ్ళన్నిటికీ మూలపురుషుడెవరు?

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇండియా తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు పియేర్ సొనెరా బూడిద రంగు అడవికోడిని చూసి, పెంపుడు కోళ్ళకి ఇదే తల్లి అన్నాడు. ఆయన పేరే ఆ జాతి శాస్త్రీయ నామంలో ఉంది. తర్వాత కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ ఇంగ్లండులో ఉన్న డార్విన్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. వాటి సాయంతో, తాను స్వయంగా రకరకాల కోళ్ళని జతకట్టించి చూసిన అనుభవంతో, డార్విన్ 1868లో తేల్చేశాడు: అన్ని కోళ్ళకీ మూలం ఎర్ర అడవికోడే అని. 1994లో జపాన్ రాజకుమారుడు అకిషినో (పక్షుల మీద నిజంగానే పరిశోధన చేసే మనిషి) తన బృందంతో తల్లివైపు డీఎన్ఏ చూసి, మూలం థాయిలాండ్ ప్రాంతంలో ఒకేచోట ఉందన్నాడు. 2004 డిసెంబరులో కోడి జన్యుక్రమం మొత్తం అచ్చయింది. దానికి వాడింది ఫారం కోడిని కాదు, ఒక ఎర్ర అడవిపెట్టని.

అంతా డార్విన్ చెప్పినట్టే ఉంది కదా అనుకుంటుంటే 2008లో స్వీడన్ వాళ్ళొక మెలిక బయటపెట్టారు. చాలా పెంపుడు కోళ్ళకి కాళ్ళూ చర్మమూ పసుపుగా ఉంటాయి. ఆ పసుపుకి కారణమైన జన్యువు ఎర్ర అడవికోడిది కాదు, బూడిద రంగు కోడిది! అంటే మన నల్లమల వైపు జాతిది. సొనెరా పూర్తిగా తప్పు కాదన్నమాట. అమెరికాలో సూపర్‌మార్కెట్లో పెట్టిన పసుపు చర్మం కోడిలో దక్షిణ భారతం చెయ్యి ఉంది.

2020లో 863 కోళ్ళ, అడవికోళ్ళ జన్యుక్రమాలు పోల్చి చూసిన పరిశోధన, మొదటి మచ్చిక జరిగింది నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతంలో అంది. అక్కణ్ణుంచి మనుషులతో ప్రయాణం చేస్తూ వచ్చిన కోడి, దారిలో మన దేశపు అడవికోళ్ళతో కూడా కలిసింది. 2022లో ఇంకొకళ్ళు 89 దేశాల్లో 600కి పైగా తవ్వకాల చోట్ల దొరికిన ఎముకల్ని మళ్ళీ పరీక్షించి, పెంపుడు కోడివని నమ్మదగ్గ ఎముకల్లో అన్నిటికంటే పాతవి థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనేచోట, క్రీ.పూ. 1650-1250 మధ్యవి అని చెప్పారు. అయితే కోడి మనిషి దగ్గరికెందుకొచ్చింది? వాళ్ళు చెప్పే జవాబు చాలా సింపుల్. వరి, చిరుధాన్యాలు. మెట్టపంట వేసినచోట గింజలు రాలతాయి. గింజల కోసం కోడి వచ్చింది, వచ్చిన కోడి ఉండిపోయింది.

ఇది చదివినప్పుడు నాకు మా కొండలు గుర్తొచ్చాయి. అడవి కొట్టి, కాల్చి, కొర్రలూ సామలూ చోళ్ళూ చల్లే పోడు పొలాలు. కోతలయ్యాక పొద్దున్నే అక్కడ గింజలు కెలుకుతున్న అడవికోళ్ళు. మూడున్నర వేల ఏళ్ళ కింద థాయిలాండ్‌లో జరిగిందంటున్న సీను మా తాత ప్రతి చలికాలం చూసేవాడు.

మనకి కోడి చరిత్ర లేదని కాదు. దండిగా ఉంది. బ్రహ్మనాయుడు, నాగమ్మల మధ్య కోడిపందెం పెద్ద యుద్ధానికి దారితీసిందని పల్నాటి కథ చెబుతుంది. ఆ కథలో పుంజులకి కూడా పేర్లున్నాయి. కుక్కుట శాస్త్రం చూడండి, ఈక రంగుని బట్టి డేగ, కాకి, నెమలి, పర్ల, సవల, పింగళ అంటూ ఎన్ని విభాగాలో. ఏ వారం ఏ రంగు గెలుస్తుందో, ఏ దిక్కు నుంచి దించాలో కూడా రాశారు. ఎర్రటి పుంజుని డేగ అన్నారు. అడవిపుంజు రంగుకి దగ్గరగా వచ్చేది అదే. పందెం పుంజు మెడ మీద ప్రతి ఈకకీ పేరు పెట్టిన జాతి మనది. కానీ అది ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆ మూలం ఇప్పుడు ఎలా ఉందో అడిగిన శాస్త్రం మాత్రం మన దగ్గర లేదు. పందానికి పనికిరాదు కాబట్టి అడవిపుంజు మన చరిత్రలోకి రాలేదు.

ఇక్కడ తాత మాటకొద్దాం.

1960ల మొదట్లో అమెరికా ప్రభుత్వానికొక ఆలోచన వచ్చింది. దక్షిణ రాష్ట్రాల్లో వేటగాళ్ళకి కొత్త పక్షి కావాలి. గార్డినర్ బంప్ అనే జీవశాస్త్రజ్ఞుణ్ణి ఇండియా పంపారు. ఆయన ఉత్తర భారతపు అడవుల్లోంచి ఎర్ర అడవికోళ్ళని సేకరించి పంపించాడు. అక్కడ వాటిని వేలల్లో పెంచి అడవుల్లో వదిలారు. ఒక్కచోట కూడా నిలదొక్కుకోలేదు. ప్రాజెక్టు ఫెయిల్. మిగిలిన కొన్నిటిని ఇష్టమున్నవాళ్ళు ఇళ్ళల్లో పెంచుకుంటూ వచ్చారు. అందరూ మర్చిపోయారు.

ముప్ఫయ్యేళ్ళ తర్వాత బ్రిస్బిన్ అనే ఆయన ఆ కోళ్ళ సంతతి ఎంత విలువైనదో గ్రహించాడు. 1998లో ఆయన, పీటర్సన్ అనే ఇంకొకాయన కలిసి ప్రపంచంలోని మ్యూజియాల్లో దాచిన 745 ఎర్ర అడవికోడి నమూనాలను చూశారు. వాళ్ళు వెతికింది ఒక్కటే. అచ్చమైన అడవిపుంజుకి జతకట్టే కాలం అయిపోయాక, అంటే సుమారుగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మెడ మీది బంగారు ఈకలు రాలిపోయి వాటి బదులు పొట్టి నల్లటి ఈకలు వస్తాయి. తోకలో పొడవాటి ఈకలు పోతాయి. తురాయి చిన్నబోతుంది. కూత దాదాపు ఆగిపోతుంది. పెంపుడు పుంజుకి ఈ మార్పు రాదు. ఏడాదంతా ఒకే అలంకారం.

చదువుతున్నవాణ్ణి ఆగిపోయాను. మెడీకలు రాలిపోతాయి, తోక ఊడిపోతుంది, సిగ్గుతో కుయ్యదు. తాత చెప్పినదానికీ వాళ్ళు రాసినదానికీ సిగ్గు ఒక్కటే తేడా.

వాళ్ళకి తేలిందేమిటంటే, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన నమూనాల్లో ఈ వానాకాలపు వేషం ఎప్పుడో కనిపించడం మానేసింది. ఫిలిప్పీన్స్‌లో కూడా అంతే. పడమటి వైపు, అంటే మన వైపు దొరికిన వాటిలో మాత్రం 1960ల దాకా ఉంది. అంటే కోడి పుట్టిల్లు అనుకుంటున్న చోట చూడ్డానికి అడవికోడి ఉంది, లోపల ఊరికోడి చేరిపోయింది. అచ్చమైనవి మిగిలితే గిగిలితే మన దేశంలోనే మిగిలి ఉండాలి.

2023లో జన్యువుల మీద చేసిన పని ఈ అనుమానాన్ని ఇంకా గట్టిపరిచింది. వందేళ్ళ కిందటి మ్యూజియం నమూనాలతో ఇప్పటి అడవికోళ్ళని పోల్చి చూస్తే, ఇప్పటివాటి జన్యువుల్లో 20 నుంచి 50 శాతం దాకా ఊరికోడి వాటా ఉంది. ఇదంతా ఎప్పుడో జరిగింది కాదు, ఈ వందేళ్ళలో వేగం పుంజుకున్న వ్యవహారం.

మన భాషలో చెప్పాలంటే ఇలా. ఒక పాత రిపాజిటరీ ఉంది. దాన్నించి ఎవరో ఒక కాపీ తీసుకుని, తమ అవసరాలకి మార్చుకుని, కోట్ల చోట్ల నడుపుతున్నారు. బాగానే ఉంది. కానీ ఆ మార్చిన కోడ్ రోజూ రాత్రిపూట ఎవరూ చూడకుండా మూలంలోకి వచ్చి కలిసిపోతోంది. రివ్యూ లేదు, బ్యాకప్ లేదు. ఫైలు పేరు మారదు, ఐకాన్ మారదు. తెరిచి చూస్తేనే తెలుస్తుంది. ఎప్పుడో ఒక రోగం వచ్చి ఫారం కోళ్ళు తట్టుకోలేకపోయినప్పుడు, తట్టుకునే జన్యువు కోసం పాత వెర్షన్ దగ్గరికి వెళ్ళాలి. అప్పటికి పాత వెర్షన్ అంటూ ఏదీ ఉండదు.

పులి పోతే లెక్క తెలుస్తుంది. ఏనుగు పోతే పేపర్లో వస్తుంది. ఇది అలా పోవడం లేదు. తుపాకీతో కాదు, ప్రేమతో పోతోంది. కొండవాలులో ఊరు, ఊరి చివర పాక, పాక ముందు కోళ్ళు. తెల్లారే సరికి ఊరి పుంజు అడవిలోకి, అడవి పుంజు ఊరి పెట్టల దగ్గరికి. మచ్చికైన పుంజుని కట్టి చుట్టూ ఉచ్చులు పన్ని అడవిపుంజుని పట్టే వేట పాతదే. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అది నేరం. కానీ ఏ చట్టమూ పుంజుకి పెట్టని చూడొద్దని చెప్పలేదు.

ఇక్కడ విలన్ ఎవరూ లేరని కూడా చెప్పాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు 'వనరాజా' అనే పెరటి కోడిని తయారుచేశారు. రంగురంగుల ఈకలు, ఎక్కువ గుడ్లు, తొందరగా బరువు. దేశంలో చాలా గిరిజన ప్రాంతాల్లో పంచారు. పోషకాహారం లేని పిల్లలున్న ఇంట్లో రోజుకో గుడ్డు అంటే చిన్న విషయం కాదు. హైదరాబాదులో చికెన్ బిర్యానీ తింటూ కూర్చుని, కొండమీది తల్లికి "మీరు కోళ్ళు పెంచకండి, జన్యువులు పాడవుతాయి" అని చెప్పే హక్కు నాకు లేదు. అలాగే పోడు స్థానంలో జీడితోటలు వేసుకుంటే నాలుగు డబ్బులొస్తాయి, వేసుకున్నారు. జీడి కింద పొదలుండవు, చోళ్ళు రాలవు. అడవికోడికి మిగిలిన చోటు ఇంకా తగ్గి, ఊరికి ఇంకా దగ్గరవుతుంది. ఎవరి తప్పూ లేకుండానే ఒక జాతి అంతరించగలదని నాకు ఈ కోడి వల్లే అర్థమైంది.

కిందటేడు ఆగస్టులో వరసగా సెలవులు కలిసొస్తే ఊరెళ్ళాను. బండి వేసుకుని మందస దాటి కొండ కింద తెలిసినవాళ్ళ ఇంట్లో రాత్రి పడుకుని, తెల్లవారుజామున వాళ్ళబ్బాయిని తోడు తీసుకుని పైకి నడిచాను. మబ్బులో మహేంద్రగిరి కనిపించనే లేదు. గంటన్నర తిరిగాక బాట మలుపులో కనబడింది. పుంజు, వెనక రెండు పెట్టలు. పలక రంగు కాళ్ళు. తోక నేలకి సమాంతరంగా. ఒక్క క్షణం నా గుండె ఆగినంత పనైంది.

కానీ మెడ బంగారంలా మెరుస్తోంది. శ్రావణమాసంలో.

తర్వాత అది కూసింది కూడా. చివర్లో కాస్త సాగదీసి.

కుర్రాణ్ణి అడిగాను, వానాకాలంలో మెడ ఈకలు లేని పుంజుని ఎప్పుడైనా చూశావా అని. వాడు నన్ను వింతగా చూశాడు. "ఈకల్లేకుండా పుంజేటన్నా?" అన్నాడు. వాళ్ళ తాతని అడిగితే మాత్రం ఆయన నవ్వి, "ఉండీవి బాబూ, అయి పైకి ఎలిపోనాయి" అన్నాడు, చెయ్యెత్తి మబ్బు వైపు చూపిస్తూ.

సత్యహరిశ్చంద్రుడి ఊరివాణ్ణి కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాలి. నేను చూసింది ఒక్క పుంజుని. ఒక్క పుంజుతో ఏదీ రుజువు కాదు. ఆ పెద్దాయన చెప్పినట్టు పైన, ఊళ్ళకి దూరంగా, ఇంకా అచ్చమైనవి ఉండొచ్చు. ఉన్నాయనే నా ఆశ. ఉన్నాయో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు వెళ్ళి చూడాలి, ఫోటో తీయాలి, తేదీతో సహా రాసిపెట్టాలి.

మా జిల్లాలో పిట్టల్ని చూడ్డానికి జనం వెళ్ళరని కాదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికీ, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికీ ఏటా బస్సుల్లో వెళ్తారు. సైబీరియా నుంచి వచ్చాయని చెప్పుకుంటూ గూడబాతుల్నీ కొంగల్నీ చూసొస్తారు. నిజానికి అవి సైబీరియావి కావు, మన దేశపు పక్షులే, ఇక్కడే గూళ్ళు పెట్టుకుని పిల్లల్ని చేసుకుంటాయి. అయినా ఆ ఊళ్ళవాళ్ళు వాటిని కన్నబిడ్డల్లా చూసుకుంటారు, ఆ చెట్ల మీద చెయ్యి వెయ్యనివ్వరు. అంత మంచి బుద్ధి ఉన్న జిల్లా మాది. దూరపు చుట్టమనుకుంటే అంత మర్యాద చేశాం. ఇంటి పక్కనున్నది కోడే కదా అని చూడలేదు.

మనమంతా సంక్రాంతికి ఊరెళ్తాం. టికెట్లు ఎంతో ముందే బుక్ చేస్తాం. సంక్రాంతికి ఏ పుంజుని చూసినా అందంగానే ఉంటుంది. ఊరిదీ అడవిదీ ఒకేలా మెరుస్తాయి, ఒకేలా కూస్తాయి. తేడా తెలిసేది వానల్లోనే. కొండల దగ్గర ఊరున్నవాళ్ళు ఈసారి వినాయక చవితికి కూడా ఒకసారి వెళ్ళండి. తెల్లవారకముందే లేచి, గొడుగు తీసుకుని, ఊరి చివరి దాకా నడవండి. మెడలో మెరుపు లేని, తోక లేని, కూయని పుంజు ఒకటి పొదలోంచి మిమ్మల్ని చూసి సిగ్గుపడి తప్పుకుంటే, దాన్ని అలా పోనివ్వండి. ఫోటో వచ్చినా రాకపోయినా తేదీ మాత్రం రాసుకోండి.

మా తాతకి చెప్పలేకపోయాను. కనీసం మీకైనా చెబుదామని.